పలికే గొయ్యి

రండి, దగ్గరికి జరగండి. ఆ గోడవార కూర్చున్నవాళ్లు కూడా లేచి ఇటు వచ్చేయండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. పైనున్నవాడి దయవల్ల మనందరికీ ఇవాళ్టికి ఊపిరి ఆడుతోంది కదా, ఆ ఊపిరి గురించిన కథ ఇది. ఒకసారి గుండెల నిండా గాలి పీల్చి వదలండి. ఆఁ, అలాగ. ఇక వినండి.

ఒక తోళ్ల ఫ్యాక్టరీ. పచ్చితోళ్లు లారీల్లో దిగుతాయి, మెత్తబడి చెప్పులకీ సంచులకీ వెళ్లిపోతాయి. నడుమ జరిగేదంతా నీళ్లు, ఉప్పులు, వాసన. ఆ ఫ్యాక్టరీ స్టోరు తాళంచెవులన్నీ ఒక ఆవిడ నడుముకి వేలాడేవి. మనిషి కంటే ముందు చప్పుడొచ్చేది. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆవిడ తాళాలక్క.

స్టోరు వెనకగదిలో నీలం డ్రమ్ముల నిండా ఒక ఉప్పు ఉండేది. పేరు సోడియం సల్ఫైడ్. నోరు తిరగనివాళ్లు 'ఉప్పు' అని సరిపెట్టుకునేవారు. కూరలో వేసుకునేది అనుకునేరు, కాదు నాయనా. పాతగోడ నుంచి సున్నం రాలినట్టు పెచ్చులు పెచ్చులుగా, పసుపుపచ్చగా ఉంటుంది. మూత తీసిపెడితే గాలిలో తడంతా తాగి చెమట పట్టేస్తుంది. తడిచేత్తో ముట్టుకుంటే వేళ్లు సబ్బు రాసుకున్నట్టు జారతాయి, ఆ తర్వాత మంట. అది కలిపిన నీళ్లలో తోళ్లు నానేస్తే, తెల్లారేసరికి వెంట్రుకంతా ముద్దలా ఊడి వచ్చేస్తుంది.

"ఎద్దుతోలుకే ఈ గతి పట్టిస్తే మన తోలెంతక్కా?" అనేవాడు తాళాలక్క తమ్ముడు. వాడక్కడే డ్రమ్ముల దగ్గర పనిచేసేవాడు. తల్లీతండ్రీ పోయాక ఎత్తుకుని పెంచింది ఆవిడే, ఆ పనిలో పెట్టించింది కూడా ఆవిడే. వాడి భార్యకి అప్పుడు ఏడోనెల.

ఆ ఉప్పుకి లోకంలో ఒక్కటే పగ. యాసిడ్. వెంట్రుక ఊడిన తోళ్లని తర్వాత యాసిడ్ నీళ్లలో వేస్తారు. దాన్ని పనివాళ్లు 'పులుపు' అనేవారు. ఉప్పునీళ్లకో కాలువ, పులుపునీళ్లకో కాలువ. రెండూ చివరికి పెరట్లో ఉన్న ఒకే గోతిలోకి చేరేవి, కానీ ఒకేసారి కాదు. ఒకటి వదిలి, పంపుతో తోడి, గొయ్యి కడిగాకే రెండోది వదలాలి. ఉప్పూ పులుపూ కలిశాయా, కుళ్లిన గుడ్ల కంపుతో ఒక గ్యాసు పుడుతుంది. గాలి కంటే బరువైనది. పైకి పోదు. గోతుల్లో దొర్లుకుంటూ పడుకుంటుంది.

అందుకని కాలువల తలుపులకి తాళాలు. ఉప్పు తాళంచెవి స్టోరు గుమ్మానికి ఎడమ మేకుకి, పులుపు తాళంచెవి కుడి మేకుకి. రెండూ ఒకే మేకుకి తగలకూడదు. పెళ్లయిన మర్నాడే దెబ్బలాడుకున్న మొగుడూపెళ్లాల్లా విడివిడిగా ఉంచాలి వాటిని. ఆ ఫ్యాక్టరీలో ఇంతకంటే పెద్ద నియమం లేదు. ఆ మేకుల పైన ఒక పాత బోర్డు కూడా ఉండేది. తాళాలక్క రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని బోర్డు తుడిచేది. తుడిచేది గాని చదివేది కాదు. రోజూ తుడిచేదాన్ని ఎవరు చదువుతారు చెప్పండి?

ఇంకొక నియమం ఉంది. గోతిలోకి ఎవరు దిగినా పైన ఒక మనిషి నిలబడాలి. పైమనిషి ఇరవై లెక్కపెట్టి "ఉన్నావా?" అని అడగాలి. కిందవాడు "ఉన్నా" అనాలి. జవాబు రాకపోతే కేకలేసి జనాన్ని పోగుచెయ్యాలి.

ఈ రెండో నియమాన్ని ఒప్పుకోనివాడు ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కడే. పంపుల మెకానిక్కు. ముసలాయన. పేరు దగ్గుమామ. ఎవరైనా షెడ్డు తలుపు తట్టి "మామా, ఉన్నావా?" అంటే 'ఉన్నా' అనడు. ఖళ్లుమని దగ్గుతాడు. అంతే జవాబు. డాక్టరు చూసి ఊపిరితిత్తులు గుర్రానికున్నట్టున్నాయన్నాడు, అయినా సరే దగ్గే.

"పెళ్లిపీటల మీద కూడా దగ్గే సరిపెట్టావా మామా?" అని తమ్ముడు ఏడిపించేవాడు.

"నీకు కూతురు పుట్టి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కలిసి నిలదీస్తే నువ్వూ దగ్గుతావులేరా," అనేవాడు మామ.

గోతి మీద మూడుకాళ్ల ఇనప స్టాండు, దానికో గిలక, తాడు చుట్టే పిడి బిగించింది మామే. దిగేవాడి నడుముకీ భుజాలకీ పటకాలు బిగించి తాడు కట్టనిదే ఒప్పుకునేవాడు కాదు. "నోరు అబద్ధమాడుతుంది. తాడుకి ఆ విద్య రాదు," అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవారు అందరూ.

ఇక ఆ రోజుకి వద్దాం. రాత్రి కాదు, పట్టపగలు. వారపు సెలవు. కాని వాన ఎలాంటిదంటే మధ్యాహ్నం రెండింటికే లైట్లు వేసుకోవాలి.

ముందురోజు సాయంత్రం పనివాళ్లు ఇళ్లకి పరుగెత్తే తొందరలో రెండు తాళంచెవులూ ఒకేసారి ఆవిడ చేతిలో పడేశారు. తలమీద వాన. చేతిలో గొడుగు. కుడి మేకు దాకా రెండడుగులు వెయ్యాలి. 'సెలవయ్యాక సర్దుతాలే' అనుకుని రెండూ ఎడమ మేకుకే తగిలించి వెళ్లిపోయింది.

రెండడుగులు.

సెలవునాడు కాపలావాడు ఫోను చేశాడు. గోతిలో పంపు ఆగిపోయింది, వెంట్రుక ముద్ద అడ్డం పడి ఉంటుంది. గొయ్యి నిండుతోంది, పెరట్లో వాననీళ్లు ఉప్పుగది మెట్టు దాకా వచ్చాయి. డ్రమ్ముల్లోకి నీళ్లు దిగితే ఆ ఉప్పంతా కరిగి పెరడంతా పారుతుందని అందరికీ తెలుసు. తాళాలక్క వచ్చింది, తమ్ముణ్ణి పిలిచింది, మామ సరేసరి.

గోతి మూత తీయగానే కుళ్లిన గుడ్ల కంపు ముఖం మీద కొట్టింది. కళ్లు మండాయి. మామ గాలి ఊదే ఫ్యాను గొట్టం లోపలికి దింపి స్విచ్చి వేశాడు.

"గంటసేపు తిరగాలి. అందాకా ఎవరూ దిగొద్దు."

అయిదు నిమిషాలు తిరిగిందో లేదో... కరెంటు పోయింది.

"జనరేటరు వేసొస్తా. నేనొచ్చేదాకా కాలు లోపల పెట్టారో, కాళ్లు విరగ్గొడతా," అంటూ మామ వానలో షెడ్డు వైపు నడిచాడు.

మిగిలింది అక్కా తమ్ముడూ. గోతి పక్కన ఫ్యాను చప్పుడు కూడా లేదు. రేకుల మీద వాన. మెట్టు మీదకి ఒక్కో వేలు చొప్పున ఎక్కుతున్న నీళ్లు.

"అక్కా, మామ వచ్చేసరికి డ్రమ్ములు ఈదుతాయే. నాలుగు మెట్లు దిగి ముద్ద లాగేసి వచ్చేస్తా."

"వాసన చూడరా ఎలా ఉందో!"

"నాకేం వాసన? మూడు రోజుల్నుంచీ జలుబు. ముక్కు పేరుకే ఉంది. ఇవాళ్టికి నా ముక్కు కూడా నువ్వే."

ఆవిడ గోతి మీదకి వంగింది. కంపు. ఇంకాస్త వంగింది. కంపే. మనసులో దేవుణ్ణి తల్చుకుంటూ కాసేపు అలాగే ఉంది. కొద్దికొద్దిగా... తగ్గింది. మళ్లీ పీల్చింది. వాన వాసన కూడా లేదు. ఇనుము వాసన లేదు. ఏమీ లేదు. అంతా కడిగేసినట్టు... శుభ్రంగా.

'దేవుడు కరుణించాడు,' అనుకుంది పాపం.

"వాసన పోయిందిరా. దిగు."

వాడు నవ్వుకుంటూ పటకాలు బిగించుకుని, తాడు కొక్కెం తగిలించుకుని దిగాడు. ఒక మెట్టు. రెండు. టార్చిలైటు వెలుగు కిందికి కిందికి పోయి, ఇనప గొట్టాల వెనక్కి తిరిగింది. తర్వాత వెలుగు కనబడలేదు.

ఆవిడ ఇరవై లెక్కపెట్టింది.

"ఉన్నావా?"

"ఉన్నా."

ఇంకో ఇరవై.

"ఉన్నావా?"

"ఉన్నా."

గొంతు కాస్త మెత్తగా ఉంది. జలుబు కదా అనుకుంది. ఇంకో ఇరవై, ఇంకో ఇరవై. అడిగినప్పుడల్లా జవాబు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒకే గొంతు, ఒకే లాగ. తలలో ఏదో బరువుగా, కమ్మగా ఉందావిడకి. అలా వంగి ఉంటే బాగుందనిపించింది. గోతిలోకి ఇంకొంచెం...

జబ్బ పట్టుకుని ఎవరో వెనక్కి విసిరేశారు. వెల్లకిలా పడింది బురదలో. మామ.

"జనరేటరు స్టార్టు కాలేదు. ఎంతసేపయింది వాడు దిగి?"

"ఇప్పుడే... పలుకుతూనే ఉన్నాడు మామా."

"ఎవరు?"

ఆవిడ గోతి వైపు వేలు చూపించింది.

"ఎవరు పలుకుతున్నారే అమ్మాయ్?"

"తమ్ముడు! వాసన పోయిందనేగా దిగమన్నా..."

మామ మొహంలో నెత్తురుచుక్క లేదు. "రోజూ తుడుస్తావే ఆ బోర్డు... దాని మీద ఏం రాసుంది? వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టు కాదు, ముక్కు చచ్చినట్టు. వెనక్కి వచ్చేయండి అని. అదేగా?"

అదే. రోజూ తుడిచిన ఒక్కో అక్షరం ఆవిడ కళ్లముందు వెలిగింది.

"తాడు లాగి చూడు."

లాగింది. తాడు బిగిసింది. అవతల బతికున్న మనిషి ఉంటే తాడు ఒక్కచోట ఉండదు, కదులుతుంది, ఊగుతుంది. ఇది రాయి కట్టినట్టు ఉంది.

"ఒరేయ్!" అని అరిచింది. "ఉన్నావా?"

"ఉన్నా."

వెంటనే. ప్రశ్న పూర్తి కాకముందే.

ఆవిడ గోతి వైపు పాకబోతే మామ కాలు అడ్డం పెట్టాడు. వాన చప్పుడులో చెవి దగ్గర చెప్పాడు. "పాతికేళ్ల కింద ముగ్గురు దిగారు. ఒకడు పడితే ఒకడు తియ్యడానికి, వాణ్ణి తియ్యడానికి ఇంకొకడు. పైన నేను. అప్పుడు తాడు లేదు. అరగంట అడిగా, ముగ్గురూ పలికారు. పలుకుతున్నారు కదా అని నిబ్బరంగా నిలబడ్డా. బయటికి తీశాక డాక్టరన్నాడు... దిగిన రెండు నిమిషాల్లోనే పోయారని."

"అక్కా," అంది గొయ్యి. "చెయ్యి ఇవ్వవే. అందట్లేదు."

చిన్నప్పుడు గోడెక్కి దిగలేక ఏడ్చినప్పటి గొంతు. అచ్చం అదే. లోకంలో ఏ అక్క నిలబడగలదు చెప్పండి? ఆవిడ మోకాళ్లు వాటంతటవే ముందుకి కదిలాయి.

"దిగితే ఇద్దరు," అన్నాడు మామ. "పిడి పట్టుకో."

ఇద్దరూ కలిసి పిడి తిప్పారు. తాడు కిర్రుమంది. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టుకి ఆగిపోయింది. ఎంత తిప్పినా కదలదు.

"గొట్టానికి చిక్కుకుంది," అన్నాడు మామ. "తాడు వదలాలి. రెండు మూరలు. కిందికి జారితే చిక్కు వదులుతుంది, అప్పుడు లాగాలి."

"కిందికా? ఆ నీళ్లలోకా?"

"వేరే దారి లేదే అమ్మాయ్."

పైకి తేవాలంటే ముందు కిందికి వదలాలి. ఆ పని చెయ్యాల్సింది ఆవిడే. ఎందుకంటే మామ చేతులు గొట్టం పక్కకి నెట్టే ఇనప కడ్డీ మీద ఉన్నాయి, పిడి ఆవిడ చేతుల్లో ఉంది.

"అక్కా, వదలకు."

ఆవిడ చేతులు బిగుసుకుపోయాయి.

"వదలకే అక్కా... పడిపోతా... వదిలేస్తావా నన్ను? నువ్వేగా దిగమన్నావు..."

"దాని మాట వినకు. తాడు మాట విను."

"మామా, అది వాడే..."

"తాడేమంటోంది?"

ఆవిడ కళ్లు మూసుకుంది. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. దేవుడా, దేవుడా అనుకుంటూ అరచేతులతో విన్నది. తాడులో ప్రాణం లేదు. ఏడుపు లేదు. భయం లేదు. బరువు. వట్టి బరువు.

వదిలింది.

తాడు సర్రున జారింది. కింద నీళ్లు ఒక్కసారి గుటక వేసినట్టు చప్పుడు. మామ కడ్డీతో నెట్టాడు. "ఇప్పుడు!"

తిప్పింది. ఊపిరి బిగబట్టి, పళ్లు బిగబట్టి తిప్పింది. తాడు వచ్చింది. వస్తోంది. ముందు వాడి తల వెనకభాగం కనబడింది, తర్వాత వేలాడుతున్న చేతులు. మామ వాణ్ణి అంచు మీదకి లాక్కున్నాడు. పెదాలు నీలం. కళ్లు సగం మూతలు. నోరు... గట్టిగా మూసుకుని ఉంది.

వాడి తల ఆవిడ ఒళ్లో ఉంది. వాడి మొహం ఆవిడ రెండు చేతుల మధ్య ఉంది.

అప్పుడు గోతి అడుగునుంచి వాడి గొంతు...

"ఉన్నా... ఉన్నా... ఉన్నా..."

మామ ఆవిణ్ణీ వాణ్ణీ గాలివైపుకి, వానలోకి, దూరంగా ఈడ్చాడు. వాడి గుండె మీద చేతులు వేసి నొక్కుతూనే ఉన్నాడు. ఎప్పటికో వాడి పక్కటెముకలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. అంబులెన్సు వచ్చేదాకా గోతి దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు. ముసుగులు, గాలి సిలిండర్లు తగిలించుకుని మంటలార్పేవాళ్లు దిగి చూశారు. కింద ఎవరూ లేరన్నారు.

తర్వాత తెలిసింది. పొద్దున్న పెరడు నిండుతోందని కాపలావాడు కంగారుపడి, ఎడమ మేకుకి ఉన్నవన్నీ ఒక్క చేత్తో తీసుకెళ్లి రెండు కాలువలూ తెరిచేశాడు. వాడి తప్పు ఏముంది? రెండూ ఒకే మేకుకి ఉన్నాయంటే కలిపి తెరవొచ్చనే వాడి నమ్మకం.

తమ్ముడు మూడోరోజు కళ్లు తెరిచాడు. నడిచాడు, తిన్నాడు, నవ్వాడు. మాట మాత్రం రాలేదు. గొంతులో లోపం లేదన్నారు డాక్టర్లు. కూతురు పుట్టింది. వంటింట్లోంచి భార్య "ఉన్నావా?" అంటే వాడు కంచం మీద వేలితో టక్కున కొడతాడు. ఆ పిల్లకి తండ్రి అంటే అదే చప్పుడు.

గోతికి కాంక్రీటు పలక వేసి మూసేశారు. ఫ్యాక్టరీ కొత్త గొయ్యి తవ్వుకుంది. రెండు కాలువలకీ అసలు కలిసే దారే లేకుండా చేసుకుంది. మంచిదే.

కాని తాళాలక్క... ఎవరూ లేనప్పుడు ఆ పలక దగ్గరికి వెళ్లేది. భయంతో కాదమ్మా. బెంగతో. పెంచిన పిల్లాడి గొంతు ఈ లోకంలో వినబడే చోటు అదొక్కటే మరి. వంగి మెల్లగా అడిగేది. "ఉన్నావా?" కాంక్రీటు కింది నుంచి, దూరంగా... "ఉన్నా." కళ్లు తుడుచుకుని వచ్చేసేది.

ఏడాది తిరిగాక ఒకరోజు మామ ఆవిణ్ణి అక్కడ చూశాడు. "వద్దమ్మాయ్," అన్నాడు.

"ఒక్కసారి మామా." వంగింది. "ఉన్నావా?"

"ఉన్నా," అంది తమ్ముడి గొంతు.

ఆ వెనకే ఇంకో గొంతు. "ఉన్నా."

ఆడగొంతు.

ఆవిడ గొంతే. ఆ రోజు గోతి మీద అంతసేపు వంగిన తన ఊపిరి గుర్తొచ్చింది. మామ వైపు తిరిగి చూసింది. ముసలాయన కళ్లనిండా నీళ్లు. ఆయనకి తెలుసు. పాతికేళ్ల కిందటే ఆయన 'ఉన్నా' కూడా అలాగే పోయింది.

"అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "నా ముందే ఉన్నావు కదూ? ఉన్నావా?"

ఆవిడ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి.

దగ్గు వచ్చింది.

ఆ రోజు నుంచీ అన్ని మాటలూ వస్తాయావిడకి. ఆ ఒక్కటీ తప్ప.

అదీ కథ. వెళ్లేముందు ఒక్క పని గుర్తుపెట్టుకోండి. తాళాలక్క చేసిన తప్పు కాదు, చేసిన పని. గొంతు ఏడుస్తుంటే గొంతు వెంట పోలేదు. తాడు పట్టుకుంది. కంపు పోయిన గోతి దగ్గర మీరు నిలబడితే సంతోషించకండి, వెనక్కి రండి. కిందవాణ్ణి తియ్యడానికి కిందికి దిగకండి, పైనుంచి లాగండి. ఇంటికెళ్లి నలుగురికి చెప్పండి, చెప్పినవాళ్లని మరో నలుగురికి చెప్పమనండి. ఏదీ, అందరూ ఒకసారి నాతో అనండి. తాడు పట్టుకుంటాం. ఆఁ, ఇంకోసారి. తాడు పట్టుకుంటాం.

గోడవార ఉన్నవాళ్లు కూడా అన్నారు, వినబడింది. సంతోషం.

కాని... మీరంతా ఇందాకే లేచి ఇటు వచ్చేశారు కదా?